పట్టపగలు చుక్కలు పొడిచిన రోజు

అనగనగా ఒక రాజుగారు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఒరేయ్, ఆ చింతపిక్కల ఆట ఆపుతారా, నన్ను లేచి పొమ్మంటారా? ఆ, అలా కుదురుగా కూర్చోండి.

పెద్దవాడికి బలం ఎక్కువ, నడిపివాడికి తొందర ఎక్కువ. చిన్నవాడు మిహిరసేనుడికి మాత్రం దిగులు. ఎందుకు ఉండదూ! కువలయ అనే రాజకుమారితో వాడికి పెళ్లి కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్న మర్నాడే కాలకంబళుడనే మాంత్రికుడు ఆ పిల్లని ఆకాశంలో ఎత్తుకుపోయాడు. పోతూ పోతూ కువలయ పైనుంచి అరిచింది.

"ప్రతి పున్నమికీ చంద్రుణ్ణి చూడండి! నేనూ చూస్తుంటాను!"

"నా కోడల్ని వెతికి తీసుకురండిరా" అన్నాడు రాజుగారు. పెద్దవాడు చంద్రుడు పొడిచే దిక్కుకి గుర్రం తోలాడు. ఎంత దూరం పోయినా చంద్రుడు ఇంకా అవతలే పొడుస్తున్నాడు. విసుగొచ్చి తిరిగొచ్చాడు. నడిపివాడు సూర్యుడు కుంగే దిక్కుకి తోలాడు. ఎంత దూరం పోయినా సూర్యుడు ఇంకా అవతలే కుంగుతున్నాడు. వాడూ తిరిగొచ్చాడు.

చిన్నవాడు సముద్రపు ఒడ్డు వదిలి కదల్లేదు. ప్రతి పున్నమికీ పొద్దు గుంకగానే పొడిచే చంద్రుణ్ణి చూస్తూ, "కువలయా, చూస్తున్నావా?" అని అడిగేవాడు. చంద్రుడేం పలుకుతాడు, మన పిచ్చిగానీ!

ఒక పున్నమి సాయంత్రం, గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన ముసలి తాబేలు పలికింది.

"లేదు నాయనా, చూడటం లేదు."

"అంత మాటన్నావేం అవ్వా!"

"ఉన్నమాటే అన్నాను. భూమి బంతిలా గుండ్రం. బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతుంది. సూర్యుడి వైపున్న సగానికి పగలు, రెండో సగానికి రాత్రి. ఆ పిల్ల ఏడు సముద్రాల అవతల, భూమికి ఆ పక్కనుంది. ఇక్కడ చంద్రుడు పొడిచే వేళకి అక్కడ కుంగిపోతాడు. ఇద్దరూ ఒక్కసారే ఎలా చూస్తారు?"

మిహిరసేనుడు భోరుమన్నాడు. "అయితే ఇన్ని పున్నములూ నేనొక్కణ్ణే చూశానా?"

తాబేలు మనసు కరిగింది. "ఊరుకో నాయనా. చంద్రుడు భూమి చుట్టూ ఎంత తిరిగినా మనకి ఒక్క ముఖమే చూపిస్తాడు, వీపు చూపించడు. ఆ పిల్ల చూసి పంపిన ముఖమే నీ దగ్గరికి వస్తోంది. కానీ ఇంకో మాటుంది. పట్టపగలు చుక్కలు పొడిచిన రోజే తాళి కట్టించుకుంటానని ఆ పిల్ల మాంత్రికుడికి మాటిచ్చింది. జరగని పని కదా అనుకుంది పాపం! వాడు పకపకా నవ్వాడు. వచ్చే అమావాస్యకి సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడు సూర్యుడికీ భూమికీ నడుమ అడ్డం వస్తాడు. పగలే చీకటి పడి చుక్కలు పొడుస్తాయి. గ్రహణం విడిచాక స్నానం చేసి తాళి కడతాడు."

"నన్ను ఎక్కించుకో అవ్వా!"

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. పాల సముద్రం దాటారు. తాగాడా అని అడక్కండి, వాడికి ఆకలెక్కడిది? ఏడూ దాటేలోపు చంద్రుడు సగమయ్యాడు, సన్నటి గీతయ్యాడు, చివరికి కనబడకుండా పోయాడు. చంద్రుడు తరిగిన కొద్దీ వాడు తాబేలుని తొందరపెట్టాడు.

ద్వీపంలో ఒక కోట. కోట బురుజులో కువలయ. బురుజు గుమ్మంలో పంజరం, పంజరంలో చిలక. ఆ చిలకలోనే మాంత్రికుడి ప్రాణం. బురుజు తాళంచెవి పంజరానికే వేలాడుతోంది. కొత్త మనిషి అడుగు వినపడిందా, చిలక కెవ్వుమంటుంది.

ముందుకి దూకబోయిన మిహిరసేనుణ్ణి, రాతిసందులో తలకిందులుగా వేలాడుతున్న గబ్బిలం ఆపింది. "ఆగవయ్యా! చీకటి పడితే చిలక నిద్రపోతుంది, నేను లేస్తాను."

కాలకంబళుడు ఎంత దుర్మార్గుడైనా ఆచారం దగ్గర మాత్రం మహా చాదస్తుడు. పెరుగు మీద, పచ్చడి మీద గరిక వేశాడు. గ్రహణం పట్టగానే పీకల్లోతు సముద్రంలో నిలబడి మంత్రం మొదలెట్టాడు. గ్రహణం విడిచేదాకా గట్టెక్కకూడదు, ఎక్కితే మంత్రాలన్నీ మంటగలుస్తాయి.

సూర్యుడు కొంచెం కొంచెంగా తరిగాడు. ఉన్నట్టుండి చీకటి కమ్మేసింది. చిలక రెక్కలో ముక్కు దూర్చి నిద్రపోయింది. గబ్బిలం తుర్రుమని వెళ్లి తాళంచెవి తెచ్చిచ్చింది.

తలుపు తెరిచేసరికి కువలయ కిటికీ దగ్గర ఏడుస్తోంది.

"కువలయా!"

"వచ్చారా? చుక్కలు పొడిచాక వచ్చారా!"

కిటికీలోంచి ఇద్దరూ పైకి చూశారు. సూర్యుడి ముందు నల్లటి చంద్రుడు, చుట్టూ వెండి వెలుగు. ఇద్దరూ మొదటిసారి కలిసి చూసింది అమావాస్య చంద్రుణ్ణే! మీరు మాత్రం గ్రహణాన్ని ఉత్త కళ్లతో చూశారో, వీపు చిట్లగొడతాను.

అంతలో అంచున వెలుగు మెరిసింది. మిహిరసేనుడు కిందికి దిగి పంజరం ఊచల్లోంచి చిలక మెడ మీద చెయ్యి వేశాడు. "వద్దండీ" అంది కువలయ. "పంజరంలో ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు." పంజరం తలుపు తీసింది. చిలక లేచి ఎగిరిపోయింది.

"అయ్యో, నా ప్రాణం!" అని కాలకంబళుడు ఒక అడుగు గట్టువైపు వేశాడు. సూర్యుణ్ణి చూశాడు. గ్రహణం ఇంకా పూర్తిగా విడవలేదు. మళ్లీ వెనక్కి నీళ్లలోకి పోయాడు! గ్రహణం విడిచి, స్నానం చేసి బయటికి వచ్చేసరికి చిలక ఏదీ? దాని వెంట పడి భూమి చుట్టూ తిరుగుతున్నాడు, ఇప్పటికీ.

తాబేలు ఇద్దర్నీ ఇంటికి చేర్చింది. పెళ్లయింది, పట్టాభిషేకం అయింది. తలలు నెరిసేదాకా ఇద్దరూ చల్లగా రాజ్యం చేశారు. ఎన్ని పనులున్నా సరే, పున్నమి వచ్చిందంటే మిహిరసేనుడు సాయంత్రానికి ఆ ఒడ్డుకే వెళ్లేవాడు. చంద్రుడు పొడవగానే పాత అలవాటుకొద్దీ, "కువలయా, చూస్తున్నావా?" అని అడిగేవాడు.

పక్కనే కూర్చున్న కువలయ, "చూస్తున్నానండీ" అనేది.