తలుపుచెక్క ఉయ్యాల

తలుపుచెక్కలో పగులు గురువారం మధ్యాహ్నం బయటపడింది. మర్నాడు జుమ్మా నమాజు కాగానే పిల్లలొస్తారు. దస్తగిరి చిత్రిక పక్కన పెట్టి, ఆ పగులు వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు.

అది ఇంకెక్కడున్నా బాగుండేది. చెక్క అంచున మొదలై, గొలుసు కొక్కెం బిగించే రంధ్రం మీదుగా లోపలికి పాకింది. ఒకప్పుడు తలుపు బేడం, అంటే గడియ, ఉన్న చోటది. ఇన్నాళ్ళూ దుమ్మూ నూనెజిడ్డూ కప్పుకొని కనపడకుండా ఉంది. చిత్రిక పట్టేసరికి పళ్ళికిలించింది.

ఈ చెక్క సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఊరి బయట, నాపరాయి గనులకు పోయే దారిలో జమాల్ బాబా అనే ఫకీరు ఉండే తకియా ఉంది. తకియా అన్నానని గుమ్మటాలూ మినార్లూ ఊహించుకోకండి. ఆయన గురువుగారి సమాధి, రెండు గదులు, ఒక వేపచెట్టు, అంతే. బాబా బక్కపలచని ముసలాయన. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరైనా వచ్చి కష్టం చెప్పుకొని ప్రశ్న అడిగితే "టీ తాగినావా?" అనేవాడు. టీ తాగేలోపు సగంమంది అడిగిన ప్రశ్నే మరిచిపోయేవాళ్ళు. మిగతా సగంమంది జవాబు దొరికినట్టే లేచి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకు దొరికిందేమిటో శిష్యుడైన దస్తగిరికి మాత్రం ఎంతకీ అంతుబట్టేది కాదు.

ఆ వానాకాలం, రాయి తీసి వదిలేసిన గుంతలన్నీ నీళ్ళతో నిండాయి. తల్లిదండ్రులు రాళ్ళ పాలీషు షెడ్లలో పనిలో ఉంటే పిల్లలు గుంతల చుట్టూ తిరిగేవాళ్ళు. ఓబులమ్మ పెద్దకొడుకు అట్లాగే ఒక గుంతలో జారిపడ్డాడు. పైకి తీసేసరికి ఊపిరి లేదు. వాణ్ణి మట్టిచేసిన చోటి నుంచి వచ్చి, బాబా కాళ్ళయినా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"పిల్లోళ్ళు ఆ గుంతకాడికి ఎందుకు పోతారు దస్తగిరీ?"

"ఆడుకునేదానికి బాబా."

"మన కాడ ఆడుకునేదానికి ఏముండాది?"

దస్తగిరి చుట్టూ చూశాడు. సమాధి, రెండు గదులు, వేపచెట్టు.

మర్నాటి నుంచి ఇంటింటికీ తిరిగి పాత సామాను అడగడం మొదలుపెట్టాడు. "ఫకీరు సాయిబు శిష్యుడు పాతసామాన్ల యాపారం పెట్టినాడప్పా" అని జనం నవ్వారు. నవ్వుతూనే ఇచ్చారు. ఇంట్లో కాళ్ళకు అడ్డం తగిలేవి ఎవరు తీసుకుపోతే ఏం గనుక. తుప్పుపట్టిన బీరువా తలుపు జారుడుబల్ల అయింది. విరిగిన మంచాల కోళ్ళూ పట్టెలూ కలిసి నిచ్చెన అయ్యాయి. అడుగూడిన నీళ్ళ డ్రమ్ము పిల్లలు దూరే గుహ అయింది. ఒక చెక్కపెట్టెకు కుట్టుమిషను చక్రం బిగిస్తే అది బస్సయి కూర్చుంది. సొట్టపోయిన గిన్నెల్ని వరసగా వేలాడదీస్తే, గరిటె పుచ్చుకొని ఎవరికి తోచిన మేళం వాళ్ళు వాయించుకోవచ్చు.

దారినపోయేవాళ్ళు ఆగి చూసి మెచ్చుకోసాగారు. ఆ మెప్పు దస్తగిరికి మెల్లగా తలకెక్కింది. పని లేకపోయినా సుత్తి చేతపట్టుకొని దారివైపే తచ్చాడేవాడు. బాబా మాత్రం రోజూ వచ్చి, అన్నిటినీ ఒకసారి తాకి, ఏమీ అనకుండా లోపలికి పోయేవాడు. ఊరంతా మెచ్చుకున్నా ఆ ఒక్క నోటి నుంచి మాట రాలేదని దస్తగిరి లోలోపల ఉడికిపోయేవాడు.

ఆ మాట రాబట్టడానికే ఈ తలుపుచెక్క. ఊళ్ళో పాత మిద్దె ఒకటి పడగొడుతుంటే దొరికింది. మంచి టేకు. అంచుల వెంబడి చిలకలూ తీగలూ చెక్కి ఉన్నాయి. దాన్ని నలుగురు పిల్లలు పక్కపక్కన కూర్చునే ఉయ్యాలబల్ల చేసి, అన్నిటికంటే ముందు, దారిలోకి కనపడేటట్టు వేలాడదీయాలని అతని ఆశ. దూలాలు నిలబెట్టాడు, గొలుసులు సిద్ధం చేశాడు. శుక్రవారం రమ్మని ఊరంతా చెప్పి వచ్చాడు. ఇప్పుడు చూస్తే ఈ పగులు.

ఇంకో చెక్క వెతుకుదామంటే మిగిలిందంతా చెదలు తిన్న కట్టె. పైగా దస్తగిరికి ఒక పాతవిద్య తెలుసు. తకియాకు రాకముందు అతను టౌనులో పాత ఫర్నిచరు అమ్మే అంగట్లో పాలీషు పనిచేశాడు. కాలు విరిగిన కుర్చీని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి సాగనంపడంలో అతనికి సాటి లేదు. "కనపడని పగులు పగులే కాదురా" అనేవాడు అంగడాయన.

దస్తగిరి పొయ్యి మీద లక్క కరిగించాడు. రంపపు పొట్టు కలిపి పగుల్లోకి దూర్చాడు. ఆరాక గీకి, గరుకుకాగితంతో రుద్ది, పైన ఎర్రరంగు వేశాడు. బాబా లోపలి గదిలో పడుకొని ఉన్నాడు. పని అయ్యాక వేలితో రాసి చూస్తే పగులెక్కడుందో దస్తగిరికే తెలియలేదు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనని అతనికి ఆ క్షణాన తట్టలేదు. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

శుక్రవారం నమాజు కాగానే పిల్లలు వచ్చిపడ్డారు. వాళ్ళ వెనకే తల్లులు. గిన్నెల మోతకు వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఓబులమ్మ మాత్రం కాస్త ఎడంగా నిలబడింది. మిగిలిన ఒక్క కూతురు సుంకమ్మ చెయ్యి గట్టిగా పట్టుకొని ఉంది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఆ చెయ్యి వదలగా ఎవరూ చూడలేదు. సుంకమ్మ చిలకల్ని చూసి తల్లిని ఉయ్యాల వైపు లాగుతోంది.

"గట్టిగా ఉంటదా నాయనా?" అని దస్తగిరిని అడిగింది ఓబులమ్మ.

అందరూ అతనివైపు తిరిగారు.

"ఏనుగెక్కినా ఏం కాదక్కా" అన్నాడు దస్తగిరి.

ఓబులమ్మ చెయ్యి వదిలింది. సుంకమ్మ పరిగెత్తింది. ఆ చిన్న కాళ్ళు ఉయ్యాల వైపు పరిగెడుతుంటే దస్తగిరి గుండె మొదటిసారి కలుక్కుమంది. పిల్ల బల్ల మీద మోకాలు పెట్టబోతుండగా వెనకనుంచి బాబా వచ్చి, చంకల కింద చేతులేసి ఎత్తి పక్కన నిలబెట్టాడు.

"ఒక్క నిమిషం ఆగు తల్లీ. ముసలోనికీ ఆశ ఉంటది గదా" అని, లుంగీ సర్దుకొని, ఆయనే బల్ల మీద కూర్చున్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. తల్లులు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"పిల్లోళ్ళు ఎక్కొచ్చునా దస్తగిరీ?"

"ఎక్కొచ్చు బాబా."

"అయితే ఊపు."

దస్తగిరి వెనక్కి వెళ్ళి, తాకీ తాకనట్టు ఊపాడు. బాబా బక్కమనిషి, కాసేపు ఊగి దిగిపోతాడు, తర్వాత రంగు ఆరలేదని ఏదో వంక చెప్పి ఉయ్యాల దించేద్దాం అనుకున్నాడు.

"చేతికేమైంది? పిల్లోళ్ళు ఇట్లనే ఊగుతారా? గట్టిగా ఊపు."

గట్టిగా ఊపాడు. ఉయ్యాల వెనక్కి వచ్చినప్పుడు ఆ మూల అతని కళ్ళముందుకు వచ్చింది. ఎర్రరంగులో వెంట్రుకంత నల్లగీత. నిన్న లేదది. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకొంచెం సాగి ఉంది.

ఒక్క మాట అంటే చాలు. అటువైపు ఓబులమ్మ నవ్వుతోంది. బిడ్డ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఎట్లా చెడగొట్టేది అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. అదీ అబద్ధమే. అతని నోటికి అడ్డంపడింది ఆమె నవ్వు కాదు, ఇందాక అందరిముందూ తను అన్న ఏనుగు మాట. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకొని, తన చేతులతోనే ఊపుతూ ఉండిపోయాడు.

ఫట్‌మని చప్పుడైంది. కొక్కెం చెక్కను చీల్చుకొని ఊడివచ్చింది. బల్ల ఒక పక్కకు ఒరిగింది, బాబా నాపరాళ్ళ మీద పడ్డాడు. పడుతూ చెయ్యి ఆన్చినట్టున్నాడు. ఎముక విరగడం దస్తగిరికి స్పష్టంగా వినిపించింది.

గిన్నెల మోత ఆగిపోయింది. దస్తగిరి చేతులు ఊపడానికి చాచినవి చాచినట్టే గాల్లో ఉండిపోయాయి. ఊడిన బల్ల మిగిలిన మూడు గొలుసుల మీద ఓరగా ఊగుతోంది. చీలినచోట లక్క మెరుస్తోంది. ఎండలో అది అందరికీ కనపడుతోంది.

ఓబులమ్మ వచ్చి కూతుర్ని ఎత్తుకుంది. లక్కను చూసింది. తర్వాత దస్తగిరిని చూసింది.

"నువ్వు చెప్తే నా బిడ్డ చెయ్యి వదిలితిని గదా నాయనా" అంది.

గొంతు పెంచలేదు. తిట్టినా, చెప్పుతో కొట్టినా దస్తగిరి తట్టుకునేవాడేమో.

బాబాను ఆటోలో ఎముకల కట్టు కట్టేచోటికి తీసుకుపోయారు. దారిలో దస్తగిరి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"బాబా, పగులుండాదని నాకు తెలుసు. తెలిసే పూడిస్తి. తెలిసే ఊపితి."

బాబా కళ్ళు తెరిచాడు. నొప్పికి మొహమంతా చెమట పట్టి ఉంది.

"పొద్దున్నుంచి టీ తాగినావా?" అన్నాడు.

ఎట్లా పడినారని కట్టు కట్టేవాడు అడిగితే, "ఉయ్యాల ఊగుతా పడితిని" అన్నాడు బాబా. ఈ వయసులో ఉయ్యాలేంది తాతా అని వాడు నవ్వాడు. బాబా కూడా నవ్వాడు. దస్తగిరి నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత తకియా వైపు పిల్లలు రాలేదు. తల్లులు రానివ్వలేదు. ఒకరోజు దస్తగిరి గనుల దారిన పోతుంటే గుంతవైపు నుంచి కేరింతలు వినపడ్డాయి. వెళ్ళి చూస్తే, సుంకమ్మ ఈడు పిల్లలు అంచున నిలబడి నీళ్ళల్లోకి రాళ్ళు విసురుతున్నారు. అతన్ని చూసి పారిపోయారు.

మర్నాడు ఆటసామాన్ల మీది రంగులన్నీ గీకడం మొదలుపెట్టాడు. ఇనుము మీది తుప్పు, కట్టె మీది ముడులు, ఉన్న లోపమంతా ఎండలోకి వచ్చేదాకా గీకాడు. ఒక్కొక్కదాని మీదా తనే ఎక్కి ఎగిరాడు. నిచ్చెనలో ఒక మెట్టు అతని కాలి కిందే విరిగింది. మోకాలు చెక్కుకుపోయినా, ఆ మెట్టు పిల్లల కాళ్ళ కింద కాక తన కాలి కింద విరిగినందుకు అతనికి ఏడుపొచ్చినంత పనయింది. చిలకల చెక్కను చీల్చి పొయ్యిలో పెట్టాడు. ఆపూట బాబా టీ ఆ మంట మీదే కాగింది.

ఇంకో గట్టి కట్టె లేదని మొన్నటిదాకా అనుకున్నవాడు, ఇప్పుడు తను పడుకునే మంచం విప్పాడు. దాని పట్టెలు దగ్గరగా చేర్చి, అడుగున ఇనప పట్టీలు వేసి బిగించాడు. రంగు లేదు, చిలకలు లేవు. చూడ్డానికి పీటకంటే అన్యాయంగా ఉంది. అప్పుడు వెళ్ళి ఓబులమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"ఎక్కించొద్దక్కా. ఊరికే వచ్చి చూడు" అన్నాడు.

ఆమె సుంకమ్మను దగ్గరికి లాక్కొని లోపలికి పోయింది.

శుక్రవారం ఆమె వచ్చింది. ఆమె వెంట మరికొందరు తల్లులూ వచ్చారు గానీ, పిల్లల రెక్కలు పట్టుకొని దారిలోనే ఆగిపోయారు. బాబా విరిగిన చెయ్యి మెడకు వేలాడదీసుకొని బయటికొచ్చాడు. ఉయ్యాలను చూశాడు.

"పిల్లోళ్ళు ఎక్కొచ్చునా దస్తగిరీ?"

దస్తగిరి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు.

"ఊపండి బాబా."

బాబా బాగున్న చేత్తో ఊపాడు. గొలుసులు కిర్రుమన్నాయి. ఇంకా గట్టిగా ఊపమన్నాడు దస్తగిరి. దూలం మూలిగింది, బల్ల నిలిచింది.

అతను దిగాక ఓబులమ్మ దగ్గరికొచ్చింది. వంగి, బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, అన్ని మూలలూ తడిమింది. చాలాసేపు తడిమింది. తర్వాత సుంకమ్మను కూర్చోబెట్టి, గొలుసు పట్టుకోమని చెప్పి, తను పక్కనే నిలబడింది. కాసేపటికి ఒక చిన్న ఊపు ఊపింది. అది చూసిన మిగతా పిల్లలు ఇక తల్లుల చేతుల్లో ఆగలేదు. గిన్నెలు మళ్ళీ మోగాయి.

దస్తగిరి వచ్చి వేపచెట్టు కింద బాబా పక్కన కూర్చున్నాడు. ఇన్నాళ్ళుగా లోపల నలుగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"మీరు తెలియక ఎక్కితిరి బాబా. పగులుండాదని ముందే తెలిసుంటే..."

"తెలుసు."

దస్తగిరి తలెత్తాడు.

"లక్క కాగబెడితే వాసన రాదా?" అన్నాడు బాబా. "నేను పండుకుంటే నా ముక్కు కూడా పండుకుంటదా?"

ఆ రోజు ఆయన పిల్లను ఎత్తి పక్కన పెట్టడం, బల్ల మీద కూర్చోవడం, ఎక్కొచ్చునా అని అడగడం, గట్టిగా ఊపమనడం ఒక్కొక్కటే మళ్ళీ దస్తగిరి కళ్ళముందుకొచ్చాయి.

"తెలిసీ ఎందుకెక్కితిరి?"

బాబా ఉయ్యాల వైపు చూస్తున్నాడు. అక్కడ ఓబులమ్మ ఇప్పుడు కొంచెం గట్టిగానే ఊపుతోంది.

"నువ్వు దిగమంటావని."