గుట్ట మీదికి తోలిన ఎరువు

ఒక ఎర్రగుట్ట ఉంది. అది ఎంత ముసలిదంటే, దాని మట్టిలో తినడానికి ఏమీ మిగల్లేదు. ఉన్న సారమంతా వానలు ఎప్పుడో కడుక్కుని పోయాయి.

ఆ గుట్ట మీద ఒక పొద బతికేది. పక్కనే దాని కూతురు. ఇంకా మోకాలెత్తు కూడా లేదు.

తల్లి పొద బతుకు చూస్తే ఎవరికీ ముచ్చటెయ్యదు. సన్నటి వేళ్లు గుత్తులుగా వేసి, వాటిలోంచి పుల్లటి నీరు వదిలేది. ఆ పులుపుకి రాతిలో ఇరుక్కున్న సారం చిటికెడు ఊడొచ్చేది. దాన్ని తాగి, పనైపోయిన వేళ్లు రాల్చేసి, ఇంకోచోట కొత్తగుత్తి వేసేది. ఆకు రాల్చినా అంతే. అందులో ఉన్నదంతా కొమ్మలోకి లాక్కుని ఒట్టి తోలు కిందపడేసేది. ఆ ఆకుని మేకలు కూడా మూతి పెట్టి వదిలేసేవి.

దొరికింది దొరికినట్టు తాగడమే ఆ జాతి వేళ్లకి తెలుసు. చాలు అనడం రాదు. ఎన్నడన్నా చాలినంత దొరికితే కదా.

అయినా ఏటా పూసేది. ఆ పూలు చూసి రాజుకి జాలి పుట్టింది.

"ఏమీ లేనిచోటే ఇంత పూసిందంటే, పెడితే ఎంత పూస్తుందో" అన్నాడు. బండ్లవాణ్ణి పిలిచి, ఎముకల పొడి కలిపిన ఎరువు తోలమన్నాడు.

బండ్లవాడు గుట్టెక్కి ఎరువు దించబోయాడు. పొద అడ్డు చెప్పింది.

"ఏందయ్యా అది?"

"రాజుగారు పంపిన తిండి. నీ అదృష్టం పండిందిపో."

"మేం అడిగామా?"

"అడక్కుండా పెట్టేవాణ్ణే రాజంటారు."

"మా వేళ్లకి తాగడం తెలుసు, ఆపడం తెలీదు. ఇది పోస్తే చస్తాం. తీసకపో."

బండ్లవాడు నవ్వాడు. "తిండి లేక చచ్చినోళ్లని చూశా. ఎక్కువై చచ్చినోళ్లని చూళ్లేదు."

"నా వేళ్ల సంగతి నాకు తెలుసా, నీకు తెలుసా?"

"నీ వేళ్ల సంగతేమో గానీ తల్లీ, దించకుండా పోతే నా వీపు సంగతి నాకు తెలుసు" అని మొత్తం దించేశాడు.

వాడు పోయి ఈ మాట రాజుకి చెప్పాడు. రాజు మొహం ముడుచుకున్నాడు.

"నేను పెడితే వద్దంటదా? పొగరు. ఇంకో రెండు బండ్లు తోలు."

మబ్బు పట్టింది. వాన పడిందంటే ఎరువు వేళ్లదాకా దిగుద్ది. తల్లి కూతురితో చెప్పింది.

"సన్నవేళ్లన్నీ రాల్చెయ్యవే. ఒక్కటి కూడా ఉంచుకోకు."

"రాలిస్తే ఎండిపోతా కదమ్మా."

"ఎండు. ఎండినా ప్రాణం ఉంటది."

"ఒక్కపూటన్నా నన్ను కడుపునిండా తాగనిచ్చావా? గుట్ట కింద రాజుగారి తోటలో మొక్కలు చూడు, ఎట్టా ఉన్నాయో."

"వాటి వేళ్లు వేరే."

"నీకు ఎవరు పెట్టినా గిట్టదు."

వాన పడింది. తల్లి తన వేళ్లు తెంపుకుంది. కూతురు తెంపుకోలేదు.

ముందు కూతురు ముదురుపచ్చగా నిగనిగలాడింది. "చూశావా?" అంది. తర్వాత ఆకుల అంచులు మాడాయి. ఆ మాడు నడిమికి పాకింది. ఇప్పుడు వేళ్లు రాల్చినా తాగింది బయటికి రాదు.

"అమ్మా, ఆపడం ఎట్టా?" అని అడిగింది.

తల్లికి తెలీదు. ఆ జాతిలో ఎవరికీ తెలీదు.

ఎరువు రుచి మరిగి ఎక్కడెక్కడి కలుపో వచ్చి గుట్టంతా అల్లుకుంది. రాజు చూడ్డానికి వచ్చాడు. వెంట వచ్చినోళ్లు గుట్ట ఎంత పచ్చబడిందో అని పొగిడారు. ఆ పచ్చదనం మధ్యలో చచ్చిన చిన్నమొక్క, సగం ఎండిన పొద రాజు కంటబడ్డాయి.

"ఇవేంది ఇట్టా ఉన్నాయి?"

"చాలినట్టు లేదు దొరా" అన్నాడు బండ్లవాడు.

"అయితే ఇంకా తోలండి. నా గుట్ట మీద ఆకలితో ఎవరూ చావకూడదు."

"నీ గుట్టా?" అంది పొద. "నా బిడ్డని చంపింది నువ్వు. నీ చేత్తో నువ్వే పెట్టి చంపావు."

రాజు వెనక్కి తిరిగి, "పాపం, ఆకలికి మతి పోయింది" అన్నాడు. అందరూ తలూపారు.

పొద కొమ్మల మీద, ఏళ్ల తరబడి బిగించి దాచుకున్న కాయలున్నాయి. రాజు గుట్ట దిగంగానే అది వాటిని పగలగొట్టడం మొదలుపెట్టింది. గాలి లేచినప్పుడల్లా గింజల్ని అవతల కొండచరియ మీదికి విసిరింది. అక్కడ ఒట్టి బండ. ఎద్దు ఎక్కదు, బండి ఎక్కదు.

మళ్లీ ఎరువేసుకుని వస్తున్న బండ్లవాడు దూరం నుంచే అది చూశాడు.

"ఇక్కడ మెత్తగా పరుపేసినట్టు ఎరువుంటే, పిల్లల్ని తీసకపోయి రాళ్ల మీద పడేస్తావా? తల్లివేనా నువ్వు?"

పొద వాడివైపు తిరగలేదు. బండి దగ్గరికొస్తోంది. పగలగొట్టాల్సిన కాయలు ఇంకా ఉన్నాయి.