తీతు కట్టిన నక్షత్రం

పడుకున్నావా బుజ్జీ? నా కథ వింటే ఏనుగైనా చిటికెలో నిద్రపోతుంది. సరే సరే, నిన్న కథ సగంలో గురక పెట్టింది నేనేలే. ఇవాళ నీ వంతు.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ పక్కన, కెజియా అనే ఆవిడ ఉండేది. ఆవిడ పాడుతుంటే పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఎవరూ లేచేవాళ్ళు కాదు. ఆవిడ భర్త తీతు. ఏటా క్రిస్మస్‌కి వెదురుబద్దలు వంచి, ఎర్రకాగితం అంటించి, పెద్ద నక్షత్రం చేసి పెంకుటింటి నెత్తిన కట్టేవాడు.

ఆ ఏడూ కట్టాడు. పండగ వెళ్ళింది. ఆ తర్వాత జ్వరం వచ్చి తీతు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. కెజియా పాట మానేసింది. నక్షత్రం కనిపిస్తుందని వాకిట్లో తలే ఎత్తేది కాదు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో సమాధుల తోటకి వెళ్తారు. బయల్దేరేముందు, ఆ ఏడు మనిషి పోయిన ఇంటి గుమ్మంలో ఆ ఇంటివాళ్ళే పాట ఎత్తుకోవాలి.

"నా వల్ల కాదు," అనేసింది కెజియా.

ఆవిడకి ఓబేదని ఒక మరిది. నోరు తెరిస్తే వేళాకోళమే. చలికాలంలో అతన్ని పిలిచింది. "ఆ నక్షత్రం దింపెయ్యవయ్యా, చూళ్ళేకపోతున్నా."

ఓబేదు నిచ్చెన వేశాడు, ఎక్కాడు, దిగాడు. "మంచుకి పెంకులు జారుతున్నాయి వదినా. నేను పడితే నీ అరుగు పగులుద్ది!"

అప్పుడు ఆకులు రాలే కాలం వచ్చింది. కాగితం చిరిగి పీలికలైంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎక్కాడు, దిగాడు. "గాలి వదినా! ఎగిరి పొరుగూళ్ళో పడితే నన్ను అల్లుణ్ణి చేసేసుకుంటారు."

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. ఈస్టరు ముందురోజు కెజియాకి కోపమొచ్చింది. "ఇవాళ దింపకపోతే నీకు అన్నం లేదు!"

ఓబేదు నిచ్చెన కిందే ఆగిపోయాడు. "అందులో పిచ్చుకలు గూడు కట్టాయి వదినా. పిల్లలు కూడానూ."

"చాల్లే! మంచయింది, గాలయింది, ఇప్పుడు పిచ్చుకలా?"

విసురుగా వాకిట్లోకొచ్చి తలెత్తింది. కాగితం ముక్క కూడా లేదు. తీతు వంచిన బద్దలు మాత్రం కదల్లేదు. వాటి మధ్య గడ్డిగూడు. గూట్లోంచి చిన్నచిన్న నోళ్ళు తెరుచుకుని ఒకటే కిచకిచ.

కెజియా నిచ్చెన తీసి గోడవారన పెట్టేసింది. "అంతా అయిపోయిందనుకున్నా," అంది మెల్లగా. "దేవుడికి ఇంకా పనుందే ఇక్కడ!"

మర్నాడు తెల్లవారుజామున జనం కెజియా గుమ్మం ముందు నిలబడ్డారు. అప్పుడు కెజియా పాట ఎత్తుకుంది. మొదటి మాట ఆవిడకే వినిపించింది. రెండో మాట గుమ్మం దాటింది. మూడోది కాలవ అవతలి గట్టు దాకా వినిపించింది.

తీతు సమాధి మీద కొవ్వొత్తి పెట్టి, "మళ్ళీ కలుద్దాం," అంది, ఊరెళ్ళే మనిషికి చెప్పినట్టు.

తిరిగొస్తూ, "పిచ్చుకల మీద ఎంత దయయ్యా నీకు," అని మరిదిని మెచ్చుకుంది.

ఓబేదు తల గోక్కున్నాడు. "పిచ్చుకలు నిజమే వదినా. కానీ అంతకుముందు మంచూ లేదు, గాలీ లేదు. రెండు మెట్లెక్కితే చాలు, నాకు కళ్ళు తిరుగుతాయి. నా పెళ్ళిచూపుల్లో మాత్రం ఈ సంగతి చెప్పకేం!"

అప్పుడు నవ్వింది చూడూ కెజియా, కాలవ రేవులో గొడ్లు కూడా వెనక్కి తిరిగి చూశాయిట.

కథేమో కంచి బాట పట్టింది,
కన్నేమో కునుకు బాట పట్టింది.