నక్క విప్పి చూపిన డబ్బా

చీకటివాగు పక్క అడవిలో నోళ్ళకేం తక్కువ లేదు, ముందుచూపుకే తక్కువ. కిందటి వానాకాలం ఎగువన వాన దంచింది. దిగువన ఒక్కరికీ తెలియలేదు. ఎండ కాస్తుండగానే వాగు పొంగి ఒడ్డునున్న బొరియల్లోకి దూరింది. కుందేలమ్మ పిల్లల్లో కొందరు మళ్ళీ బయటికి రాలేదు.

దెబ్బ తిన్నాక గాని బుద్ధి రాలేదు. ఈ ఏడు అంతా కలిసి ఎగువన నీటిమట్టం చూసే మీటరు పెట్టారు. అది పంపే కబురు అందుకుని సైరన్ మోగించడానికి కంప్యూటరు కావాలి. వేసవంతా పోగు చేసిన తేనె కుండలు బండికెత్తారు. బండి లాగింది ఎద్దు తాత. చేతులు మారి, వాతలు తిని, ముసలితనంలో అడవి చేరినవాడు. వెంట కుందేలమ్మా, నెమలీ నడిచారు, నక్క దుకాణానికి.

"రండి పెద్దాయనా!" అంటూ నక్క ముందు వరసలో ఉన్న పలచటి కంప్యూటరు మీద గుడ్డ లాగింది. "ఆల్ ఇన్ వన్. మానిటరు వెనకాలే అన్నీ ఇమిడిపోయాయి. వేరే డబ్బా లేదు, వైర్ల చిక్కు లేదు. ఎలుకలు కొరకడానికైనా ఏముంది చెప్పండి?"

నెమలి ఆ అద్దంలో తన మెడ చూసుకుంది. "ఎంత ముద్దుగా ఉందో! ఇదే తీసుకుందాం తాతా. ఆ మూలనున్న నల్లది చూడు, బియ్యం డబ్బాలా ఉంది."

"అది టవరు లెండి," అంది నక్క. "మానిటరు వేరు, డబ్బా వేరు. పాతకాలం సరుకు."

"ఏదైనా సరే, వాగు వచ్చేముందు మోగాలి," కుందేలమ్మ ఎద్దు కాళ్ళ చాటునుంచే అంది. "మోగకపోతే మిగిలిన పిల్లలు కూడా నాకు మిగలరు."

ఎద్దు తాత నెమరు ఆపాడు. "అబ్బాయ్, నన్ను సంతలో చాలామంది కొన్నారు. ప్రతివాడూ ముందు నా నోరు తెరిచి పళ్ళు చూశాకే పగ్గం పట్టుకున్నాడు. నీ పలచటిదాన్ని విప్పు. లోపల చూస్తాను."

"అయ్యో, అది విప్పకూడదు! జిగురుతో అతికించారు. తెర పగులుతుంది."

"లోపల ఏదైనా పోతే?"

"పోదు. పోయినా నేను లేనా? మొత్తం తెచ్చి ఇచ్చేయండి, పట్నం పంపిస్తాను. వానలు తగ్గేసరికి వచ్చేస్తుంది."

కుందేలమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. తాత మాత్రం ఏమీ ఎరగనట్టు అడిగాడు: "అయితే ఆ టవరు మరీ అంత పనికిమాలినదా?"

"మీరే చూడండి!" నక్క హుషారుగా రెండు స్క్రూలు తిప్పి పక్క రేకు ఊడదీసింది. "ఫ్యాను తిరగడం లేదు. ఇలాంటిది మీకు అంటగడితే నా పేరేం కాను?"

"నిజమే. అది మార్చాలంటే ఎన్నాళ్ళు పడుతుందో పాపం!"

"ఎన్నాళ్ళా? నన్నేమనుకున్నారు?" నక్క గొప్పకు పోయింది. సొరుగులోంచి కొత్త ఫ్యాను తీసి అక్కడికక్కడే బిగించింది. అది గిర్రున తిరిగింది.

కుందేలమ్మ చాటు వదిలి ముందుకొచ్చింది. "ఆ పైనున్న పెట్టె ఏమిటి బావా?"

"పవర్ సప్లై. లోపలికి కరెంటు అందించేది. పిడుగు పడితే ముందు పోయేది అదే. ఈ స్క్రూలు విప్పి, ఈ వైర్లు పీకితే ఊడొస్తుంది. ఇది మెమరీ. పని పెరిగితే ఇంకోటి పక్కన గుచ్చుకోవడమే."

"భేష్. ఇప్పుడు అదే పని ఆ పలచటిదానికి చేసి చూపించు," అన్నాడు తాత.

నక్క స్క్రూడ్రైవరు సొరుగులో పడేసి, పలచటిదాని మీద గుడ్డ మళ్ళీ కప్పింది.

"అయితే నేను మెచ్చుకున్నది చెడ్డదా తాతా?" నెమలి చిన్నబుచ్చుకుంది.

"చెడ్డదని ఎవరన్నారు? నీ కొమ్మ మీద జాగా తక్కువ. మబ్బులు చూసుకోవడానికి నీకు అదే బాగుంటుంది. చెడితే నాలుగు రోజులు చూడవు, అంతేగా. కుందేలమ్మకు అలా కుదురుతుందా? నేను ఒంటెద్దు బండీ లాగాను, జోడెద్దుల బండీ లాగాను. జోడులో ఒకటి కుంటితే ఇంకోదాన్ని కాడికి కడతారు. ఒంటెద్దు పడితే బండి కూడా పడ్డట్టే."

టవరు తీసుకున్నారు. కుందేలమ్మ పట్టుబట్టి విడిగా ఒక పవర్ సప్లై కూడా అడిగి తీసుకుంది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం పిడుగు పడింది. కంప్యూటరు ఆగిపోయింది. ఎగువన కొండ నల్లబడి ఉంది. కుందేలమ్మ పరుగున వెళ్ళి ప్లగ్గు పీకింది, రేకు తీసింది. మాడు వాసన కొడుతున్న పెట్టె ఊడదీసి కొత్తది బిగించింది. స్విచ్ వేసింది. మానిటరు వెలిగిన కాసేపటికే సైరన్ కూత పెట్టింది. ఒడ్డునున్న తల్లులంతా పిల్లల్ని నోట కరుచుకుని మిట్ట ఎక్కారు. వాగు వచ్చి ఖాళీ బొరియలు నింపుకుని పోయింది.

వాన వెలిశాక నక్క బండి తోలుకుంటూ వచ్చింది. "పిడుగు పడిందటగా? డబ్బా ఎక్కించండి, పట్నం పంపిస్తాను."

"పవర్ సప్లై పోయింది బావా. మార్చుకున్నాను," అంది కుందేలమ్మ, పిల్లలకు పాలిస్తూ.

"నువ్వా? నీకెవరు నేర్పారు?"

"నువ్వే."

నక్క ఖాళీ బండి వెనక్కి తిప్పుకుంది.

ప్రాణాలు ఆధారపడిన వస్తువు కొనేటప్పుడు దాని అందం కాదు, చెడిన రోజున మన చేత్తో బాగుచేసుకోగలమా అన్నదే చూడాలి.