తెల్లరాళ్ల కాపలా

అనగనగా ఒక అడవిలో, పొద్దున్న ఆరు గంటలకు, ఒక ఉడుము ఏటి ఒడ్డున ఒళ్లు కడుక్కుంటోంది. అడవిలో గడియారాలు ఉండవు. కానీ కొండకు అవతల ఆరింటి రైలు కూత పెడుతుంది, ఆ కూత ఏ రోజూ తప్పదు. అది విని ఉడుము తోక దులుపుకుంది. గోళ్లలో ఇరుక్కున్న మట్టి తీసుకుంది. దాని పేరు పైడి. కొలువులో దానికది మొదటి రోజు.

ఏం కొలువు అంటారా పిల్లలూ? కాపుదళంలో కొలువు. ఊరికి పోలీసులు ఎలాగో ఆ అడవికి కాపుదళం అలాగ. వేటగాళ్లు దారుల్లో తీగ ఉచ్చులు పెట్టి పోతారు. దళంవాళ్లు తిరిగి తిరిగి వాటిని వెతుకుతారు. ఉచ్చు కనిపిస్తే దారికి అడ్డంగా తెల్లరాళ్లు పేరుస్తారు. ఒకరు అక్కడే కాపలా నిలబడి ఎండు మొద్దును దబదబా బాదుతారు. ఆ చప్పుడు విని అడవిపంది వచ్చి ఉచ్చు మేకును కోరలతో పెకలించి పారేస్తుంది. అది వచ్చేదాకా కాపలా ఉన్నవాళ్లు కదలకూడదు. తెల్లరాళ్లు దాటి ఎవరూ అడుగు పెట్టకూడదు. చట్టం అంతే. పాలు తాగే దుప్పిపిల్లకు కూడా ఆ చట్టం తెలుసు.

పైడి తల్లి ఉచ్చులో పడి చచ్చిపోయింది. ఆ రోజు ఆ దారిలో రాళ్లు పెట్టినవాళ్లు లేరు. ఇంకెవరికీ అలాంటి చావు రాకూడదని పైడి దళంలో చేరింది.

దళపతి ఒక ఎలుగుబంటి. దాని కింద నక్క సింగులు, కోతి లచ్చుము పాత కాపులు. పైడి వెళ్లి నిలబడగానే సింగులు దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా కొత్తదానివి? చర్మం గట్టిదేనా?"

"గట్టిదే అన్నా."

"అయితే మడుగు దగ్గర తాబేలు తాత ఉంటాడు. మన దళం నీడ ఒకటి ఆయన దగ్గర దాచాం. అడిగి మోసుకురా. బరువుంటుంది, జాగ్రత్త."

పైడి అడవికి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. తాబేలు విని తల లోపలికి లాక్కుంది. కాసేపటికి బయట పెట్టింది.

"నీడను మోసుకెళ్లడం ఏమిటమ్మా? నిన్ను ఆట పట్టించారు. పోయినేడు ఒక ముంగిస ఇలాగే వచ్చింది. మంచి చురుకైన ముంగిస. వారం తిరక్కుండా కొలువు మానుకుంది."

పైడి వెనక్కి వచ్చేసరికి కోతి కొమ్మ మీద పడి దొర్లి దొర్లి నవ్వుతోంది. పైడి కూడా నవ్వేసింది. కొత్తలో ఇలాంటివి మామూలే అనుకుంది. దళపతి ఇప్పపూలు నములుతూ అంతా చూసింది. ఇంకో పువ్వు నోట్లో వేసుకుంది.

కొన్నాళ్లకు రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలు. మడుగులు ఎండి, అందరికీ ఏరొక్కటే దిక్కయింది. ఒక పొద్దున సింగులు పరిగెత్తుకొచ్చింది.

"పైడీ, ఏటి దారిలో ఉచ్చు దొరికింది. రాళ్లు పెట్టి వచ్చాం. వెళ్లి కాపలా కాయి. పంది వచ్చేదాకా కదిలావో, నీ కొలువు ఊడినట్టే."

పైడి పరుగున వెళ్లింది. నిజంగానే రాళ్లున్నాయి. చుట్టూ నీడ లేదు, బండలు కాలుతున్నాయి. పైడి మొద్దు మీద తోకతో బాదింది. పంది రాలేదు. మళ్లీ బాదింది.

చుక్కమ్మ అనే దుప్పి తన పిల్లను వెంటబెట్టుకుని ఏటికి వచ్చింది. రాళ్లు చూసి ఆగింది.

"ఉచ్చు ఉందా అమ్మా?"

"ఉందక్కా. కొండ చుట్టు తిరిగి వెళ్లండి."

చుక్కమ్మ పిల్లను వెనక్కి తిప్పింది. చుట్టుదారి పట్టింది. తెల్లరాళ్ల మీద ఆ అడవికి ఉన్న నమ్మకం అలాంటిది.

పొద్దు వాలేదాకా పైడి ఆ బండల మీదే ఉంది. పొట్ట కింద చర్మం పొక్కులెక్కింది. నాలుక బయటికి వేలాడింది. అప్పుడు పొద మాటు నుంచి నక్కా కోతీ బయటికి వచ్చాయి. పొట్టలు పట్టుకుని నవ్వాయి. సరిగ్గా అప్పుడే చుక్కమ్మ పిల్లతో తిరిగి వస్తోంది.

"అయితే ఉచ్చు లేదా?" అంది చుక్కమ్మ.

"ఉచ్చు లేదు, గిచ్చు లేదు," అంది కోతి. "పందికి ఇది ఆటేనని ముందే చెప్పి, కొత్తదాన్ని కాస్త ఎండబెట్టాం. వడియం లాగ."

"చుట్టుదారిలో నీళ్లు లేక నా పిల్ల రెండుసార్లు కూలబడింది."

"అయ్యో అక్కా, ఆ ఆట మీ కోసం కాదు," అంది నక్క. "దీని కోసం."

చుక్కమ్మ రాళ్ల వైపు చాలాసేపు చూసింది. పిల్లను ముందుకు తోసుకుంటూ వెళ్లిపోయింది. ఆ చూపు పైడికి పొక్కుల కన్నా ఎక్కువ మండింది. పైడి నేరుగా దళపతి దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, నన్ను ఏమైనా చేయమనండి. పడతాను. రాళ్లతో మాత్రం ఆటలు వద్దని చెప్పండి."

ఎలుగుబంటి ఆవులించింది. "నేనూ కొత్తలో పడ్డాను. నన్ను ముళ్లకంపలో పొర్లించారు. చచ్చానా? ఇంత చిన్నదానికే ఏడిస్తే రేపు వేటగాడిని ఏం ఎదుర్కొంటావు? పో, పోయి పడుకో."

ఒక్క మాట చెబితే ఆగేది పిల్లలూ. ఆ ఒక్క మాట చెప్పడానికే దానికి జీతం.

తర్వాత ఒక పొద్దున పైడి ఒంటరిగా గస్తీ తిరుగుతోంది. ఏటి దారిలో గడ్డి మధ్య ఏదో తళుక్కుమంది. వంగి చూసింది. తీగ. గుండ్రంగా వేసిన ముడి. పైడి తల్లి మెడకు పడింది అలాంటి ముడే. పైడి ఏటి ఒడ్డు నుంచి రాళ్లు మోసుకొచ్చి దారికి అడ్డంగా పేర్చింది. మొద్దు ఎక్కి బాదడం మొదలుపెట్టింది.

చుక్కమ్మ వచ్చింది. వెనకే పిల్ల. పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చుక్కమ్మ రాళ్లను చూసింది, పైడిని చూసింది.

"ఈ రోజు కూడా నిన్ను ఎండబెడుతున్నారా తల్లీ?" అంది జాలిగా.

"కాదక్కా. ఇది నిజం. తీగ నా కళ్లతో చూశాను."

"మొన్న కూడా ఉందనే అన్నావు."

పైడి మొద్దు దిగి వచ్చింది. "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా, వెళ్లకు," అంది. చుక్కమ్మ అడుగు ముందుకు వేసింది. పైడి ఎగిరి నిజంగానే దాని కాలు నోటితో పట్టుకుంది. ఉడుంపట్టు ఎలాంటిదో మీకు తెలుసు. చుక్కమ్మ ఎంత విదిలించినా కదల్లేకపోయింది. కానీ పైడికి నోరు ఒక్కటే. అది తల్లిని పట్టుకుంది. పిల్లకు నీళ్ల వాసన తగిలింది. అది రాళ్ల మీంచి దూకింది.

తీగ బిగుసుకుంది.

పైడి మొద్దును బాదింది. తోక చిట్లి నెత్తురు కారేదాకా బాదింది. అప్పుడు దళం దగ్గర ఏం జరిగిందో తర్వాత పంది చెప్పింది. చప్పుడు విని పంది లేచిందట. సింగులు దాన్ని కూర్చోబెట్టిందట. "కూర్చో మామా. ఉడుముకీ ఆట వచ్చేసింది. ఇప్పుడు మన మీదే వేస్తోంది." లచ్చుము నవ్విందట. దళపతి కళ్లు మూసుకునే ఉందట. ఎండ ముదిరాక, చప్పుడు ఇంకా ఆగలేదని పందికే మనసొప్పక వచ్చింది. మేకు పెకలించింది. అప్పటికే పిల్ల కదలడం లేదు.

విచారణకు అడవికంతటికీ పెద్ద అయిన ఏనుగమ్మ వస్తోందని కబురొచ్చింది. దళపతి పైడిని పక్కకు పిలిచింది. ఎన్నడూ లేనిది, గొంతులో తేనె పోసుకుని మాట్లాడింది.

"చూడమ్మా, జరిగిందేదో జరిగింది. రాళ్లు పెట్టడం మరిచిపోయానని చెప్పు. కొత్తదానివి గనక ఏనుగమ్మ క్షమిస్తుంది. దళం పరువు నిలబడుతుంది. ఇవాళ్టి నుంచి నువ్వు మాలో ఒకదానివి."

సింగులు అందుకుంది. "వానలు పడగానే ఇంకో కొత్తది వస్తుంది. దాన్ని నీకే ఇస్తాం. నీ ఇష్టం వచ్చినట్టు ఆడుకో."

పైడి వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. అవునంటే కొలువు, తోడు, సుఖం. కాదంటే ఏముంటుందో తెలియదు. అది తలూపలేదు.

ఏనుగమ్మ వచ్చి అందరి మధ్యా నిలబడింది. చుక్కమ్మ ఒక పక్కన ఉంది. "ఏం జరిగింది?" అని అడిగింది ఏనుగమ్మ.

"సరదాకి చేశామమ్మా," అంది సింగులు. "ఎవరికీ చెడు తలపెట్టలేదు."

"సరదా ఎవరిది?" అంది పైడి. "నన్ను మడుగుకు పంపారు, నవ్వుకున్నాను. నన్ను ఎండలో కాల్చారు, ఓర్చుకున్నాను. కానీ ఆ రాళ్లు మీవి కావు. చుక్కమ్మవి. ఈ అడవిలో నీళ్లకు వెళ్లే ప్రతి తల్లివి. రాళ్లున్నా ఉచ్చు ఉండదని చుక్కమ్మకు నేర్పింది మీరు. మొద్దు చప్పుడు అబద్ధమని పందికి చెప్పింది మీరు. నేను ముందే వచ్చి దళపతికి చెప్పాను. పోయి పడుకోమన్నాడు. రాళ్లు నేను పెట్టాను. మరిచిపోలేదు. పెట్టానని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను."

ఏనుగమ్మ పంది వైపు తిరిగింది. పంది తల దించుకుని అవునంది. చుక్కమ్మ వైపు తిరిగింది. చుక్కమ్మ తన కాలి మీద ఉడుము పంటి గాటు చూపించింది.

ఏనుగమ్మ ముగ్గురినీ దళంలోంచి తీసేసింది. ముందు దళపతిని, తర్వాత మిగిలిన ఇద్దరినీ. "తాను పడ్డ బాధలో ఇంకొకరిని పడెయ్యడం ఆనవాయితీ అంటారా?" అంది. "ఒకరు పడ్డచోట ఇంకొకరు పడకుండా ఆపడమే మీ కొలువు." కొత్తవాళ్లతో ఆటలు కట్టు అని అడవంతా చాటించింది. పైడి కొలువులో ఉండిపోయింది. రోజూ గస్తీ తిరిగింది, ఉచ్చు దొరికిన చోట రాళ్లు పెట్టింది. కొత్త దళపతి మంచిది, పందీ పిలవగానే వచ్చేది. అంతా కుదుటపడిందనే అనుకున్నారు.

కొన్ని రోజుల తర్వాత పైడికి ఒక సంగతి తెలిసింది. దుప్పుల మందలో కొత్త పద్ధతి వచ్చిందట. దారిలో తెల్లరాళ్లు కనిపిస్తే, మందలో అందరికన్నా ముసలిదాన్ని ముందు రాళ్లు దాటిస్తున్నారట. దానికి ఏమీ కాకపోతే మిగిలినవాళ్లు నడుస్తారు.

నీతి: ప్రాణాలు కాపాడే గుర్తును కొత్తవాడిని ఏడిపించడానికి వాడితే, దెబ్బ తగిలేది కొత్తవాడికి కాదు, ఆ గుర్తును నమ్మి నడిచేవాళ్లకే. చూస్తూ ఊరుకున్న పెద్దకూ ఆ పాపంలో వాటా ఉంటుంది.