మడగండిలో గండితల్లికి పుట్టింటి సారె

ఏరు సముద్రంలో కలిసే చోట, పచ్చని మడ అడవి అంచున వెలసిన క్షేత్రం మడగండి. ఇక్కడి గండితల్లి గుడికి గోడలు లేవు, పైకప్పు లేదు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రమే వచ్చి అమ్మవారి పాదాలు కడిగిపోతుంది. శ్రావణ పున్నమినాడు ఎగువ ఊళ్ళ నుంచి డప్పులతో సారె బండ్లు దిగుతుంటే చూడాలి! ఆ సందడి చూసినవారి జన్మ ధన్యం.

పూర్వం ఇక్కడి బెస్తవారు వంటచెరకుకోసం మడచెట్లను నరికివేశారు. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడమంటే ఇదే! అడ్డు లేని కడలి ఏటేటా ఒక వీధిని మింగింది. నుయ్యి ఉప్పుబారింది. జనం ఊరు వదిలిపోవడానికి మూటలు కట్టుకున్నారు.

కాసులమ్మ అనే బెస్త స్త్రీ మాత్రం కదలనంది. ఒక తెల్లవారుజామున అమ్మవారు ఆమెకు కలలో కనిపించి, "ఏటి వెంట ఉన్న ఊళ్ళన్నీ నా పుట్టిళ్ళే. సారె తెమ్మని చెప్పు. మడకాయలతో నా ఒడి నింపమను" అని ఆనతిచ్చింది.

కాసులమ్మ ఏటి వెంట ఎగువకు నడిచింది. అక్కడి రైతుపెద్ద సూరన్న ఆమె మాట విని నవ్వాడు. "సముద్రం మీది, చేపలు మీయి. మజ్జిలో మాకేటి పని?"

"ఈ యేడు మా నుయ్యి ఉప్పయిపోనాది బాబూ. వచ్చే యేడు మీ మడి. అప్పుడు మీరెవుల్ని పిలుస్తారు?" అంది కాసులమ్మ.

సూరన్న నవ్వు ఆగిపోయింది. వారం తిరక్కుండా ఊరూరి నుంచి బండ్లు కదిలాయి. ఒకరు వెదుళ్ళు, ఒకరు బియ్యం, ఏమీ లేనివారు తమ రెక్కల కష్టం తెచ్చారు. ఏటి అవతల మిగిలిన మడచెట్ల కాయలు ఏరి, అమ్మవారి ఒడి ఇదేనని తీరపు బురదలో నాటారు. ఆహా, ఏమి ఉత్సాహం!

అయితే రైతు బుద్ధి ఎక్కడికి పోతుంది? వరిమడికి కట్టినట్టే చుట్టూ చక్కగా గట్టు కట్టేశారు. లోపల నీరు కదలక కుళ్ళింది. మొక్కలు పసుపుబారాయి. ఈసారి అమ్మవారు సూరన్న కలలోకే వచ్చింది. "పుట్టింటివాడివై నా ఊపిరి బిగించావేమయ్యా?"

కట్టిన గట్టును తెంచడం రైతుకు మహాపాపం. సూరన్న పార ఎత్తాడు గాని గట్టు మీద వేయలేక మళ్ళీ దించేశాడు. "తెంచెయ్ అన్నా! పోటొచ్చీసినాది!" అని కేక వేసింది కాసులమ్మ. ఆ పిలుపుతో ఒక్క వేటు వేశాడు. సముద్రం గలగలా లోపలికి ఉరికింది! కోసుకుపోయిన మట్టిలోంచి అమ్మవారి శిలారూపం బయటపడింది. మడలో పడిన ఆ గండివల్లనే ఈ చోటు మడగండి అయింది. మొక్కలు తేరుకుని అడవి అయ్యాయి. తరువాతి ఉప్పెన ఆ అడవికి తల బాదుకుని వెనుదిరిగింది. ఒక్క గుడిసె కూడా పోలేదు.

నేటికీ సారెనాడు మడకాయలు నాటాక చిన్న గట్టు కట్టి, పోటు వేళకు తెంచుతారు. పార పట్టేది ఎగువ రైతే, "తెంచెయ్ అన్నా!" అని పిలిచేది బెస్త ఆడపడుచే. సారె తెచ్చినవారి నూతులు తియ్యగా ఉంటాయని, పిల్లాపాపలు చల్లగా ఉంటారని నమ్మకం. కరవు వచ్చి ఎగువవారు వట్టి చేతులతో దిగిన ఏడు కూడా తీరంవారు ఎదురేగి కాళ్ళు కడిగారు. ఆ ఏడు బియ్యం బస్తాలు ఎగువకు వెళ్ళాయి, బెస్తవారి తలల మీద.