ఎడమకి తిరిగిన నూకాలు

ఒకప్పుడు చీమలకి ఎడమ పక్కంటే అస్సలు పనికొచ్చేది కాదు. కొత్త కన్నంలోకి వెళ్తే కుడికాలే ముందు పెట్టాలి, పెట్టి కుడి పక్కకే తిరగాలి. కుడికాళ్ళు మూడున్నాయి కదా, వాటిలో ఏది ముందు అని కూడా పోట్లాడుకునేవాళ్ళు. ఎందుకిదంతా అంటే ఎవరికీ తెలీదు. అమ్మ చెప్పింది, అమ్మకి అమ్మమ్మ చెప్పింది, అంతే.

బెల్లం వండే పాక వెనకాల, పల్లంలో, ఒక చీమల ఇల్లుండేది. ఆ ఇంటికి పెద్ద అప్పలనరసమ్మ. ముసలిదైపోయింది గానీ నోరు మాత్రం తగ్గలేదు. ఆ ఇంట్లోనే నూకాలు అని ఒక చిన్న చీమ. గుడ్లు మొయ్యడం దాని పని.

ఆ యేడు వాన ముందే దిగేలా ఉంది. మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. ఇల్లు చూస్తే పల్లంలో, ఇంటినిండా గుడ్లు. నీళ్ళొచ్చాయంటే ఒక్కటి మిగలదు.

"పాక గోడలో బీట ఉందే. ఎత్తు మీద ఉంది. లోపలికెళ్ళి చూసి రండి," అంది అప్పలనరసమ్మ.

ఇద్దరు వెళ్ళారు. రాలేదు. నలుగురు వెళ్ళారు. వాళ్ళూ రాలేదు. నూకాలు చెల్లెలు పైడితల్లి "ఇప్పుడే వస్తానే అక్కా" అని వెళ్ళింది. అదీ రాలేదు.

"ఇల్లు నచ్చి అక్కడే కూర్చుండిపోయుంటారు," అంది అప్పలనరసమ్మ.

"గుడ్లిక్కడ వదిలేసి అక్కడ కూర్చుంటారా పెద్దమ్మా? నేనెళ్తా," అంది నూకాలు.

"ఎళ్ళు. కుడికాలు మర్చిపోకే!"

నూకాలు గోడెక్కి బీటలోకి దూరింది. నాలుగడుగులు వేసేసరికి దారి రెండుగా చీలింది. మీసాలు దించి నేల వాసన చూసింది. కుడి దారంతా తనవాళ్ళ వాసనే. పైడితల్లి వాసన కూడా ఉంది. కానీ అన్నీ లోపలికెళ్ళిన వాసనలే. తిరిగొచ్చిన వాసన ఒక్కటీ లేదు.

నూకాలు ఎత్తిన కుడికాలు మళ్ళీ కింద పెట్టేసింది.

"ఆగిపోయావేంటమ్మా? కుడికాలు పెట్టి లోపలికి రా తల్లీ," అని కుడి పక్క చీకట్లోంచి గొంతు. తియ్యగా ఉంది.

"ఎవరు నువ్వు?"

"ఈ ఇంటిదాన్నే. మీ అక్కచెల్లెళ్ళంతా ఇక్కడే కూర్చున్నారు."

"అలాగా? మా పైడితల్లిని ఒక్క మాట మాట్లాడమను."

పైడితల్లి గొంతు రాలేదు. కిసకిసమని నవ్వొచ్చింది. నూకాలు కళ్ళు చికిలించి చూసింది. జెర్రి! తిని తిని బలిసిపోయి, ఆ సందులో ముందుకీ వెనక్కీ కదల్లేకుండా బిగుసుకుపోయి ఉంది.

"నాకిన్ని కాళ్ళున్నాయా, ఒక్కటీ కదిపే పని లేదు," అంది జెర్రి. "నేను మీ దగ్గరికి రానక్కర్లేదు. మీ ఆచారమే మిమ్మల్ని నా నోటిదాకా నడిపించుకొస్తోంది. రా, నువ్వు మాత్రం ఆచారం తప్పుతావా ఏంటి?"

పైడితల్లి ఏమైందో నూకాలుకి తెలిసిపోయింది. ఏడవలేదు. ఏడుస్తూ కూర్చుంటే గుడ్లెవరు మోస్తారు? గిరుక్కున ఎడమకి తిరిగింది.

"ఏయ్! అది ఎడమ! అరిష్టం!" అని జెర్రి గోలపెట్టింది.

"అయితే శుభమంతా నువ్వే ఉంచుకో," అని, కావాలనే ఎడమకాలు ముందు వేసి నడిచింది నూకాలు.

ఎడమ దారి ఇరుకు. జెర్రి తలకాయ కూడా పట్టదు. దాని చివర మాత్రం బెల్లం పొయ్యి వేడికి వెచ్చగా, పొడిగా ఇంత గది!

నూకాలు పరుగున ఇంటికొచ్చి అంతా చెప్పింది.

"ఎడమకి తిరిగావా? ఛీ, నన్ను ముట్టుకోకు!" అంది అప్పలనరసమ్మ.

"ముట్టుకోను. కుడికి తిరిగినవాళ్ళు ఎంతమంది తిరిగొచ్చారో చెప్పు, నోరు మూసుకుంటా."

అప్పలనరసమ్మ గుమ్మం వైపు చూసింది. అప్పుడే టప్పుమని మొదటి చినుకు గుమ్మంలో పడింది. నూకాలు ఒక గుడ్డు నోట కరుచుకుంది, మళ్ళీ దించి అంది:

"వచ్చేవాళ్ళు రండి. రానివాళ్ళు ఈత నేర్చుకోండి!"

ఒకత్తి కదిలింది. దాని వెనక ఇంకొకత్తి. చూస్తూండగానే గోడ మీద బారు కట్టేశారు. జెర్రి కుడి పక్కన నోరు తెరుచుకుని "కుడీ! కుడీ!" అని అరుస్తూనే ఉంది. ఒక్కో గుడ్డూ దాని మూతి ముందునుంచే ఎడమకి వెళ్ళిపోయింది.

అందరికన్నా చివర అప్పలనరసమ్మ వచ్చింది. దారి చీలిన చోట పాత అలవాటుకి దాని కుడికాలు లేచింది. నూకాలు దాని మీసం పట్టుకుని లాగింది.

"పెద్దమ్మా, ఈ ఒక్కసారి తప్పు చెయ్యవే!"

అప్పలనరసమ్మ కళ్ళు మూసుకుని ఎడమకి తిరిగింది. ఏమీ కాలేదు.

వాన వెలిసింది. గుడ్లన్నీ దక్కాయి. తిండి లేక జెర్రి చిక్కి సగమై, ఆ సందులోంచి జారి ఎటో పోయింది. అప్పలనరసమ్మ నోరు మళ్ళీ లేచింది.

"వినండే! ఇవాళ్టినుంచి ఎడమే మన ఆచారం. కుడికి తిరిగినదాన్ని గడప తొక్కనివ్వను!"

"మళ్ళీ ఆచారమేనా?" అని నూకాలు అడ్డం తిరిగింది. "రేపు ఇంకో జెర్రి వచ్చి ఎడమ పక్కన కూర్చోదా? మనకి అచ్చొచ్చింది ఎడమే, సరే. కానీ మనలో కొందరు కుడికి తిరగాలి. ఎవరు, ఎప్పుడు అన్నది ముందుగా ఎవరికీ చెప్పకూడదు. నీక్కూడా!"

"నాక్కూడానా?"

"నీకైతే అస్సలు చెప్పకూడదు. నీ నోరు పెద్దది."

అప్పటినుంచే చీమ కొత్త కన్నంలోకి దూరితే ఎక్కువగా ఎడమకి తిరుగుతుంది, అప్పుడప్పుడూ మాత్రం కుడికి తిరుగుతుంది. ఏ చీమ ఎటు తిరుగుతుందో లోపల నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్ళకి ఈ రోజుకీ తెలీదు. మీరడిగినా అది ఆగదు, చెప్పదు. గుడ్డు నోట కరుచుకుని తన దారిన తను పోతుంది.